కాటాగారు ఏరుకున్న ప్యాకెట్లు

మా ఆయన్ని ఆఫీసులో అందరూ కాటాగారు అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. పార్సిల్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు తూకం బల్ల ముందే కూర్చున్నారు. మొదట్లో ఇనుప కాటా ఉండేది, తర్వాత అంకెలు వెలిగే మిషను వచ్చింది. ఏది ఉన్నా నెలకు నాలుగు రోజులు మూలపడేది. ఆ నాలుగు రోజులూ వరస ఆగకుండా ఆయన ఎడమ చేతిలో ఒక తూకం రాయి పట్టుకుని, కుడి అరచేతిలోకి పార్సిల్ తీసుకుని, కళ్ళు సగం మూసి బరువు చెప్పేసేవారు. పక్కనున్న గుమాస్తా రాసుకునేవాడు. మిషను బాగయ్యాక ఎవరైనా అనుమానంతో మళ్ళీ తూస్తే చెంచాడు పంచదారంత తేడా కూడా వచ్చేది కాదట. ఈ మాట ఆయన చెప్పింది కాదు. పని విరమించిన రోజున ఆ గుమాస్తా మా ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని చెప్పి వెళ్ళాడు.

ఇంట్లోనూ అంతే. చేతికి ఏదిచ్చినా ఒకసారి మెల్లగా పైకీ కిందికీ ఆడించి గానీ తీసుకునేవారు కాదు. మంచినీళ్ళ గ్లాసైనా సరే. పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా అలాగే ఆడించారు. "ఎంతుందండీ?" అని నవ్వులాటకి అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించి చెప్పారు. రెండు రోజులు మాట్లాడలేదు నేను.

ఆయన పోయి ఏడు నెలలవుతోంది. ఇప్పటికీ మధ్యాహ్నం నడుం వాలిస్తే నా చెయ్యి ఎవరో అందుకుని కొద్దిగా పైకెత్తినట్టు ఉంటుంది. కళ్ళు తెరవను. తెరిస్తే ఏముంటుందో నాకు తెలుసు. ఆయన గురించి నలుగురూ చెప్పుకునేంత గొప్ప సంగతులేమీ లేవు. ఒక్క సంగతి మాత్రం ఉంది. అది ఎవరైనా రాసి పెడితే బాగుండుననిపించింది. నేను తప్ప రాసేవాళ్ళు లేరు.

ఆయన చేతుల మీదుగా వెళ్ళినవన్నీ మూసిన పెట్టెలే. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మం మెట్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకుని చెప్పేవారు.

"ఇవాళ ఒకటి వచ్చిందే. లోపల చెప్పు ఉంది. ఒక్కటే చెప్పు."

"ఒక్క చెప్పు ఎవరు పంపుతారండీ?"

"అదే కదా నాకూ అర్థం కానిది. బరువంతా ఒక పక్కకే ఒరిగింది. రెండుంటే అలా ఒరగదు."

"జతే ఉందేమో, మీ చేతికి తెలీలేదేమో."

"తెలీకేం. ఒకటే."

మేమిద్దరం చీకటి పడేదాకా ఆ చెప్పు గురించే ఆలోచించేవాళ్ళం. పోగొట్టుకున్నవాళ్ళకి పంపారా, లేక కాలు ఒకటే ఉన్నవాళ్ళకా. పెట్టె ఎక్కడికో వెళ్ళిపోయేది. ఆయన అన్నది నిజమో కాదో చెప్పేవాళ్ళు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి విప్పి చూడలేదు ఆయన. విప్పకూడదు కూడా.

ఉద్యోగం అయిపోయాక చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు ఆయనకి. కిటికీ పక్కన కూర్చుని, రెండు అరచేతులూ వెల్లకిలా ఒడిలో పెట్టుకుని, అన్నం తినేసిన పళ్ళేల్లా వాటిని చూస్తూ ఉండేవారు. మాకు పిల్లలు లేరు. ఎత్తుకోమని ఎవరూ ఆ చేతుల్లోకి దూకలేదు.

మా వీధికి నాలుగు వీధులవతల అద్దాల తలుపుల పెద్ద షాపు ఒకటుంది. లోపల ఎప్పుడూ చల్లగా, నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు ఉంటుంది. ఫ్రిజ్‌ల హోరు తప్ప చప్పుడుండదు. ఒక మంగళవారం సబ్బుల కోసం వెళ్ళాం. నేను సబ్బుల దగ్గర నిలబడ్డాను. ఆయన బండి తోసుకుంటూ పిల్లల సామాన్ల వైపు వెళ్ళారు. అక్కడ గోడకి కొక్కేలకు రంగు రేకు ప్యాకెట్లు వేలాడేసి ఉన్నాయి. పిట్టల బొమ్మల కార్డులవి. ప్యాకెట్టుకు పది ఉంటాయి. పిల్లలు బళ్ళో మార్చుకుంటూ ఉంటారు. పెట్టెడు ప్యాకెట్లలో ఏ మూడింటిలోనో వెండి రేకు అంటించిన మెరుపు కార్డు ఉంటుంది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. విప్పేదాకా ఎవరిది ఏదో తెలియకపోవడమే అందులో ఆట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నేను వెళ్ళేసరికి ఆయన రెండు చేతుల్లో రెండు ప్యాకెట్లు పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు.

"ఏమండీ, అక్కడ నిద్రపోతున్నారా?"

"ఇది వేరేగా ఉందే," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఇందులో ఏదో ఉంది. మిగతావాటిలో లేనిది."

సరే తీసుకోండి అన్నాను. బయట మెట్ల మీదే చించారు. తొమ్మిది మామూలు కార్డులు వచ్చాయి. పదోది ఎండలో ఒక్కసారిగా వెలిగింది. వెండి నీళ్ళ మీద లకుముకి పిట్ట.

"ఉంది," అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ అన్నారు. "చూశావా, ఉంది."

పెళ్ళినాడు కూడా అంత సంతోషం లేదు ఆ మొహంలో. నేనేం బాధపడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అడిగిన ప్రశ్నకి మొదటిసారి జవాబు వచ్చింది మరి.

అప్పట్నుంచీ ప్రతి మంగళవారం వెళ్ళేవారు. ఆ రోజు ఉదయం కొత్త పెట్టె విప్పి ప్యాకెట్లు కొక్కేలకు తగిలిస్తారు. ఆ పని చేసేది పిల్లల సామాన్ల సెక్షను చూసే సెక్షనావిడ. నలభై ఏళ్ళుంటాయి. నీలం కోటు, ముడిలో గుచ్చిన పెన్సిలు. భర్త నడుం దెబ్బతిని ఇంట్లోనే ఉంటాడు. ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తుంది. మా ఆయన్ని చూస్తే మొహం విప్పారేది ఆవిడకి.

"వచ్చారా బాబాయిగారూ. మీ కోసమే పెట్టె పొద్దున్నే విప్పాను. మనవలు ఎదురుచూస్తుంటారు కదా."

ఆయన నమస్కారం పెట్టి నవ్వేవారు. మనవలు లేరని చెప్పలేదు. పక్కనే ఉండి నేనూ చెప్పలేదు. ఎవరో ఉన్నారనుకోవడం ఒక్క నిమిషం బాగానే ఉంటుంది.

కొక్కేల ముందు పావుగంట నిలబడి, ఒక్కొక్కటీ తూచి, మూడు తీసుకునేవారు. ఎప్పుడూ మూడే. ఎప్పుడూ తప్పలేదు. మామూలు కార్డులు పాత స్వీటు డబ్బాలో వేసి, మెరుపు కార్డులు ఆల్బంలో పెట్టేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద ఆల్బం విప్పి కిటికీ వైపు వంచితే, ఆ వెండి పిట్టల వెలుగు గోడ మీద పడేది. ఆయన ఆల్బం కొద్దిగా కదిపితే పిట్టలన్నీ గోడ మీంచి కప్పు మీదికి ఎగిరేవి. నేను చాప మీద పడుకుని చూస్తూ చూస్తూ నిద్రలోకి జారిపోయేదాన్ని. ఆ నిద్రలో కూడా తెల్లగా ఏవో రెక్కలు ఆడుతుండేవి. ఆ మూడు నాలుగు నెలలు మా ఇల్లు మా ఇల్లులా లేదు.

ఒకసారి అడిగాను. "ఇలా ఏరుకోవచ్చాండీ?"

"నువ్వు బెండకాయ తోక విరిచి చూడవూ?"

నేనెందుకు చూడను. బజారులో నా అంత బెండకాయలు విరిచేది ఎవరూ లేరు.

ఒక బుధవారం నేనొక్కదాన్నే షాపుకి వెళ్ళాను. పిల్లల సామాన్ల దగ్గర గొంతులు లేచాయి. ఒకావిడ చించిన ప్యాకెట్టు పట్టుకుని సెక్షనావిణ్ణి నిలదీస్తోంది. పక్కన ఆవిడ కూతురు చెప్పు కొనతో నేలమీద గీతలు గీస్తోంది.

"ఇది ఎనిమిదోది. మా పిల్ల బళ్ళో మీ షాపులో కొన్న ఒక్కరికీ రాలేదు. స్టేషను దగ్గర షాపులో కొన్నవాళ్ళకి వస్తున్నాయి. ఏమవుతున్నాయి మరి?"

"సీలు చూడండమ్మా. కంపెనీ వేసిన సీలు. అదృష్టాన్ని బట్టి..."

"తాళం మీ దగ్గరే, పెట్టె మీ దగ్గరే. అదృష్టం మాత్రం మా దగ్గరుండాలా?"

మేనేజరు వచ్చాడు. చిన్నవాడే, మెడలో టై. ఆవిడకి సర్దిచెప్పి పంపించి, సెక్షనావిడతో మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా నాకు వినిపించింది.

"ఇది నాలుగో ఫిర్యాదు. పెట్టె విప్పేది మీరొక్కరే. శనివారం దాకా చూస్తాను. ఏమీ తేలకపోతే సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు."

ఆవిడ చుట్టూ చూసింది. నేను కనిపించాను.

"ఇదిగో, పిన్నిగారున్నారు. బాబాయిగారు వారం వారం మన దగ్గరే కొంటారు. అడగండి సార్, ఎప్పుడైనా ఒక్కటైనా విప్పి అంటించినట్టు ఉందేమో. చెప్పండి పిన్నిగారూ."

మేనేజరు నా వైపు తిరిగాడు. "మీ పిల్లలకి ఎప్పుడైనా మెరుపు కార్డు వచ్చిందా అమ్మా?"

నా చేతిలో గిన్నెలు తోమే పీచు ఉంది. దాన్ని చూస్తూ అన్నాను.

"తెలీదు బాబూ. నేను చూడలేదు."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. ఆయన మంచం మీద ఆల్బం విప్పుకుని ఉన్నారు. పిట్టలు గోడ మీద ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచి, నీళ్ళు తాగి, వంటింట్లోకి వెళ్ళాను. గురువారమూ చెప్పలేదు. చెబితే ఆ గోడ మళ్ళీ ఉత్త గోడ అయిపోతుందని. నాకు ఇంకే కారణమూ లేదు. ఒక మనిషి ఉద్యోగం పోతుంటే నేను గోడ గురించి ఆలోచించాను. ఇది రాయకుండా ఆయన కథ ఒక్కటే రాస్తే సగం అబద్ధమవుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అన్నాను.

"ఆవిణ్ణి పనిలోంచి తీసేస్తున్నారండీ."

"ఎవర్ని?"

"సెక్షనావిణ్ణి. మెరుపు కార్డులున్న ప్యాకెట్లు దాచేస్తోందట."

ఆయన నవ్వారు. "మతి లేదా వాళ్ళకి? ఏది ఎందులో ఉందో ఆవిడకెలా తెలుస్తుందే? సీలు విప్పకుండా ఎవరికీ తెలీ..."

అక్కడితో ఆగిపోయారు. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

"నేను ఊరికే తేలేదు. ధర ఇచ్చే కొన్నాను."

"కొన్నారు."

"నువ్వు బెండకాయ..."

"బెండకాయ అందరూ విరుస్తారండీ. అమ్మేవాడు చూస్తుండగానే విరుస్తాం. ముదురు మిగిలితే సాయంత్రానికి కారు చవగ్గా ఇచ్చేస్తాడు, తెలిసే కొంటారు. ఇక్కడ పిల్లలంతా కళ్ళు మూసుకుని తీస్తున్నారు. మీరొక్కరే తెరుచుకుని తీస్తున్నారు. మిగిలినవాటిలో ఏమీ లేదని వాళ్ళకెవరు చెప్పారు? అదే ధర పెడుతున్నారు."

నేను అంత మాట్లాడతానని నాకే తెలియదు. మూడు రోజులుగా గిన్నెలు తోముతూ నాతో నేను అనుకున్న మాటలవి.

"ఇంకో పెట్టె వస్తుందిలే అనుకున్నానే," అన్నారు. పిల్లాడి గొంతులా ఉంది. "మా ఆఫీసులో ఎప్పుడూ వస్తూనే ఉండేవి కదా. ఒక సంచీ ఖాళీ అయ్యేలోపు ఇంకో సంచీ. ఒకటి నేను పట్టుకుంటే అవతల తక్కువవుతుందని... ఎప్పుడూ తక్కువవలేదు మాకు."

ఆయన మనసులో నిజంగా అదే ఉంది. వారానికి ఒకటే పెట్టె అనీ, పెట్టెకి మూడే అనీ ఆయనకి తెలుసు. తెలిసినా లెక్క ఆయన చేతి దగ్గరే ఆగిపోయింది, పిల్లల దాకా వెళ్ళలేదు.

చెయ్యి కడుక్కుని చొక్కా వేసుకున్నారు. ఆల్బం సంచీలో పెట్టుకున్నారు. "నువ్వూ రా," అన్నారు.

మేనేజరు గది ఫ్రిజ్‌ల వెనక ఉంటుంది. చుట్టూ అట్టపెట్టెలు, మధ్యలో ఒక బల్ల, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను. ఆయన నిలబడే చెప్పారు.

"ఆవిడ తప్పేం లేదు బాబూ. తీసింది నేను."

"ఎలా తీశారు?"

"చేత్తో. తూచి."

మేనేజరు ఆయన్నీ నన్నూ చూసి నవ్వాడు. అవమానించే నవ్వు కాదు. "పెద్దవారు, మంచి మనసు మీది. కానీ జాలి మీద షాపులు నడవవు." సెక్షనావిణ్ణి పిలిపించి అడిగాడు. "వీళ్ళని మీరు రమ్మన్నారా?"

ఆవిడ మొహం తెల్లబోయింది. "నేనెందుకు రమ్మంటాను సార్?"

"మొన్న ఈ అమ్మని అడిగితే తెలీదన్నారు. రెండు రోజుల్లో ఈయన ఆల్బం పట్టుకొచ్చారు. ఇన్ని మెరుపు కార్డులు ఎవరు తీసిస్తే వచ్చాయో నేను ఊహించలేనా?"

మేము కాపాడదామని వచ్చి ఆవిణ్ణి ఇంకా లోతుకి తోశాం. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి నాకు ఆ గదిలో చోటు లేదు.

"మొన్న నేను అబద్ధం చెప్పాను బాబూ," అన్నాను. "నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు."

"పరీక్ష పెట్టు," అన్నారు ఆయన. "విప్పని పెట్టె ఉంటే తీసుకురా. నీ చేత్తోనే విప్పు."

మేనేజరుకి కూడా ఎక్కడో ముచ్చటేసినట్టుంది. వచ్చే మంగళవారం పెట్టె లోపల్నుంచి తెచ్చి, తనే సీలు కోసి, ఒక్కొక్క ప్యాకెట్టూ ఆయన కుడి చేతిలో పెట్టి, వెంటనే వెనక్కి తీసుకోసాగాడు. పదకొండోది పెట్టగానే "ఇది" అన్నారు.

చించాడు. పది మామూలు కార్డులు. పైన పావురం.

సెక్షనావిడ కళ్ళు మూసుకుంది. మేనేజరు పెట్టె మూత దించాడు. "ఇక చాలండీ."

"ఆగు బాబూ. తప్పు నాదే. అలా ఒక్కటే చేతిలో పెడితే దాని బరువు నేను చెప్పలేను. ఒంటరిగా ఏదైనా బరువే. రెండో చేతిలో ఇంకోటి ఉండాలి."

"ఏం ఉండాలి?"

"ఇప్పుడు చించావే, అదే ఇవ్వు. అందులో ఏమీ లేదని తెలిసింది కదా."

చించిన ప్యాకెట్టులో ఆ పది కార్డులూ మళ్ళీ పెట్టి ఎడమ చేతికిచ్చాడు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఫ్యాను కిర్రుమంటోంది. ఒక్కొక్కటీ చేతిలోకి వచ్చి, ఒక్క క్షణం తేలినట్టుండి, బల్ల మీదికి దిగేది. నాకు ఆ గది మసకబారి, ఎప్పుడూ నేను చూడని ఆ పార్సిల్ ఆఫీసు కనిపించింది. ఆయన ముందు వరసగా మనుషులు, ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకుని. పెట్టె అయిపోయేసరికి మూడు ప్యాకెట్లు విడిగా ఉన్నాయి.

మేనేజరు మొదటిది చించాడు. వెండి మీద గుడ్లగూబ. రెండోది, కొంగ. మూడోది ఏ పిట్టో నేను చూడలేదు. నేను సెక్షనావిణ్ణి చూస్తున్నాను. ఆవిడ గోడకి ఆనుకుని, అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి మెల్లగా వదులుతోంది. మేనేజరు మాత్రం ఉద్యోగం సంగతి మరిచిపోయి మిగతా ప్యాకెట్లన్నీ బరబరా చింపేస్తున్నాడు, ఎక్కడైనా నాలుగోది దొరుకుతుందేమోనని. కాళ్ళ కింద రేకు ముక్కలు పోగుపడ్డాయి. దొరకలేదు.

"అమ్మా, మీరు వెళ్ళి పని చూసుకోండి," అన్నాడు చివరికి, టై సర్దుకుంటూ. "శనివారం మాట మరిచిపోండి."

ఆవిడ కదలలేదు. మా ఆయన చేతులు జోడించారు.

"నా వల్ల నీకు..."

"ప్రతి మంగళవారం నమస్కారం పెట్టేవారు బాబాయిగారూ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నేను పది గంటలకి విప్పాల్సిన పెట్టె తొమ్మిదికే విప్పేదాన్ని. మీ మనవలకని."

"మనవలు లేరమ్మా."

"అది కూడానా," అంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయనకి ఆ మాట తగిలినంత ఇంకేదీ తగల్లేదు.

ఆ వారం నుంచి ప్యాకెట్లు కొక్కేలకు తగిలించడం మానేసి, కౌంటరు వెనక సొరుగులో పెట్టారు. అడిగినవాళ్ళకి సెక్షనావిడే చెయ్యి పెట్టి, చూడకుండా ఒకటి తీసివ్వాలి. ఆల్బం ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవిడకిద్దామంటే, "నేను పంచితే 'చూశారా, ఈవిడ దగ్గరే ఉన్నాయి' అంటారు, నాకొద్దు," అంది. అదీ నిజమే. మేనేజరే దాన్ని కౌంటరు మీద పెట్టి, ప్యాకెట్టు కొన్న పిల్లలు ఒక పిట్టని తీసుకోవచ్చని కాగితం అంటించాడు. ఒక అమ్మాయి నాలుగు తీసుకుని పరుగెత్తింది. ఇంకో అమ్మాయి, మొన్న చెప్పు కొనతో గీతలు గీసిన పిల్లే, లకుముకి పిట్టని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి అడిగింది.

"ఇది నా ప్యాకెట్లో వచ్చిందా?"

"కాదమ్మా," అంది సెక్షనావిడ.

"మరైతే నాకొద్దు." అక్కడే పెట్టేసింది.

ఇది చూసి వచ్చిన రోజు మా ఆయన మధ్యాహ్నం నిద్రపోలేదు.

ఇక షాపుకి వెళ్ళరనుకున్నాను. మంగళవారం మళ్ళీ చొక్కా వేసుకున్నారు. "ఎందుకండీ?" అంటే, "మొహం చాటేస్తే నేను దొంగనే అవుతానే. కనబడాలి," అన్నారు. కౌంటరు దగ్గర ఒక్క ప్యాకెట్టు అడిగారు. ఆవిడ మొహం చూడకుండా తీసి చేతిలో పెట్టింది. ఆయన ఉలిక్కిపడ్డట్టు దాన్ని మళ్ళీ ఆవిడ వైపే చాచారు.

"ఇది వద్దమ్మా. ఇంకోటివ్వు."

"ఏం, తేలిగ్గా ఉందా?"

"బరువుగా ఉంది."

ఆవిడ దాన్ని సొరుగులో వేసి కలిపేసి, ఇంకోటి ఇచ్చింది. అది తేలిక. ఆయన ఇంటికొచ్చి కూలబడ్డారు.

"చేతిలో పడగానే తెలిసిపోతోందే. తెలుసుకోకూడదనుకున్నా తెలిసిపోతోంది. ఈ చేతిని ఏం చెయ్యను?"

ఆ పై మంగళవారం కూరగాయల గుడ్డ సంచీ తీసుకెళ్ళారు. కౌంటరు ముందు దాని మూతి రెండు చేతులా విప్పి పట్టుకున్నారు.

"ఇందులో వెయ్యమ్మా."

ఆవిడ వేసింది. ఇంటికొచ్చాక నేనే సంచీలోంచి తీసి, చించి, కార్డులు ఆయన ముందు పరిచేదాన్ని. పావురం, పిచ్చుక, కోడిపుంజు. అన్నీ కాగితం పిట్టలే. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి వెనక రాసింది చదివేవారు. అది ఎక్కడ గూడు కడుతుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది. ఇదివరకు వెండి పిట్టల వెనక రాసింది ఎప్పుడూ చదవలేదని నాకప్పుడు తోచింది.

పది పదకొండు వారాలు అలా గడిచాయి. సంచీ మూతి తెరవడం, ప్యాకెట్టు పడడం, అంతే. నమస్కారం పెట్టడం కూడా మానేశారు ఆయన. పెడితే పాతది గుర్తొస్తుందని. తర్వాత ఆయనకి ఆయాసం మొదలైంది. ఒక మంగళవారం మంచం దిగలేకపోయారు. పొద్దున్నుంచీ గడియారం వైపు చూస్తున్నారు. సంచీ తీసుకుని నేను వెళ్ళాను.

సెక్షనావిడ నా వెనక్కి చూసింది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"బాబాయిగారేరీ?"

"ఒంట్లో బాగాలేదమ్మా. పడుకున్నారు."

ఆవిడ ముడిలోంచి పెన్సిలు తీసి, మళ్ళీ గుచ్చుకుంది. తర్వాత సొరుగు మొత్తం బయటికి లాగి కౌంటరు మీద పెట్టి, రెండు చేతులా ప్యాకెట్లు బాగా కలిపింది.

"మీరే తియ్యండి పిన్నిగారూ. మీ చేతికేం తెలీదుగా."

"నాకు బెండకాయలు తప్ప ఏమీ తెలీదమ్మా."

చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వింది. కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. తీసుకుని వెళ్తుంటే వెనక నుంచి అంది.

"ఏ పిట్ట వచ్చిందో వచ్చే వారం చెప్పమనండి. ఆయన్నే వచ్చి చెప్పమనండి."

ఆ మాట అలాగే పట్టుకెళ్ళి చెప్పాను. ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. వెనక దిండు పెట్టించుకుని లేచి కూర్చుని, ఆ రోజు తనే చించుతానన్నారు. ప్యాకెట్టుని అరచేతిలోకి తీసుకోకుండా, నేను ఒడిలో పెట్టుకుని పట్టుకుంటే, రెండు వేళ్ళతో అంచు మాత్రం పట్టి లాగారు. కార్డులు దుప్పటి మీద పడ్డాయి. పైన కాకి ఉంది. ఉత్త కాగితం కాకి, మెడ పక్కకి తిప్పి మమ్మల్నే చూస్తోంది.

ఆయన దాన్ని చూసి ఆయాసంలోనే నవ్వారు.

"కాకి వస్తుందని నేనస్సలు అనుకోలేదే," అన్నారు.